పన్నెండు రోజుల్లో ఏడు దేశాలా? మూడు చాలు

ప్రశ్న: మాది రాజమండ్రి. వచ్చే మే నెలలో, పిల్లల సెలవుల్లో యూరప్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, పదమూడేళ్ల బాబు, ఆరేళ్ల పాప, అత్తగారు, మావయ్యగారు, మొత్తం ఆరుగురం. మావయ్యగారికి 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, బీపీ ఉన్నాయి. అత్తగారు పక్కా శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. మా తోటికోడలు వాళ్లు పోయినేడు పది రోజుల్లో ఏడు దేశాలు చుట్టొచ్చారు. అది చూసి మావారు కూడా పన్నెండు రోజులకి లండన్, పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్, స్విట్జర్లాండ్, వెనిస్, రోమ్ అని కాగితం మీద రాసేశారు. తులిప్ తోటలు చూడాలని నా కోరిక. ప్యాకేజీలో వెళ్లమంటారా, సొంతంగానా? వీసా ఏ దేశానికి పెట్టాలి? అత్తగారి తిండి మాటేమిటి? తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీవారు రాసిన ఆ కాగితం సంగతి తేల్చుకుందాం. అందులో ఊళ్లున్నాయి గానీ ఊరికీ ఊరికీ మధ్య కరిగిపోయే పూటలు లేవు. పారిస్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి రైల్లో మూడు గంటల ఇరవై నిమిషాలే అని చూసి, ఇంకేం, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం నుంచి ఊరు చూసేయొచ్చు అనుకుంటాం. ఆరుగురు స్నానాలు చేసి, టిఫిన్ తిని, పెట్టెలు మూసి, పాప బొమ్మ మంచం కింద దొరికి, మావయ్యగారు మందులు వేసుకుని, రెండు ట్యాక్సీల్లో స్టేషన్ చేరేసరికే సగం పూట అయిపోతుంది. అటు దిగాక హోటల్లో మూడింటికి గానీ గది ఇవ్వరు. అందరూ నడుం వాల్చి లేచేసరికి మ్యూజియంలు మూసే వేళవుతుంది. ఎనిమిది చోట్లంటే ఏడు సార్లు ఇదే తంతు. పన్నెండు రోజుల్లో ఏడు రోజులు సామాన్లకే పోతే, రాకపోకల విమానాలకి ఇంకో రెండు పోతే, చూడ్డానికి మిగిలేది ఎంతో మీరే లెక్కేసుకోండి.

మీ తోటికోడలు వాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. పది రోజుల్లో ఏడు దేశాల్లో కాలుపెట్టడం కుదురుతుంది, బస్సు టూర్లు రోజూ చేసే పనే అది. కాకపోతే ఫొటోల్లో బస్సు కనపడదు.

లండన్‌ని మొదట కొట్టేయండి. ఒకే వీసాతో చాలా యూరప్ దేశాలు తిరగనిచ్చే షెంగెన్ ఒప్పందంలో బ్రిటన్ లేదు. దానికి వేరే వీసా, వేరే ఫీజు, వేరే వేలిముద్రలు. ఒక ఊరి కోసం ఆరుగురికీ ఆ తతంగం ఎందుకు? బ్రస్సెల్స్, కొలోన్ కూడా ఈసారికి వద్దు. కొలోన్ చర్చి గొప్పదే, 157 మీటర్ల ఎత్తు, రైలు దిగి బయటికి రాగానే ఎదురుగా ఉంటుంది. కానీ ఒక్క చర్చి కోసం ఒక రాత్రి, ఒక సామాన్ల సర్దుడూ దండగ. బ్రస్సెల్స్‌లో అందరూ ఫొటో తీసుకునే మానెకెన్ పిస్ అనే పిల్లాడి విగ్రహం రెండడుగుల ఎత్తు కూడా ఉండదు. చూసి మీ బాబు "దీనికా వచ్చాం?" అంటాడు.

ఇక మీ తులిప్‌లు. ఇది చెప్పడానికి కష్టంగానే ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరున్న కొకెన్‌హోఫ్ తులిప్ తోట మార్చి మూడో వారంలో తెరిచి మే రెండో వారానికల్లా మూసేస్తారు, ఏడాదిలో మిగతా రోజులన్నీ మూతే. బయట పొలాల్లో పూలు చూద్దామన్నా, దుంపకి బలం రావాలని రైతులు పూలతలలు ముందే కోసేస్తారు. వాళ్లు అమ్మేది దుంపలు కదా, పూలు కాదు. మే సగం దాటాక వెళ్తే పచ్చటి ఆకులే కనపడతాయి. తులిప్‌లే ముఖ్యమనుకుంటే బడి మూసిన మర్నాడే విమానం ఎక్కి, ఏప్రిల్ ఆఖర్లో ఆమ్‌స్టర్‌డామ్‌తో మొదలుపెట్టాలి. అప్పుడు కూడా ఏప్రిల్ 27న వాళ్ల రాజుగారి పుట్టినరోజు పండగ, ఊరంతా నారింజ రంగు బట్టలు, కాలువల నిండా పడవలు, తోసుకునే జనం. పెద్దవాళ్లతో ఆ ఒక్క రోజు మాత్రం ఆ ఊళ్లో ఉండకండి. మేలోనే అని ఖాయమైతే ఆమ్‌స్టర్‌డామ్‌ని ఇంకో ఏడాదికి దాచుకోండి.

నా లెక్క ఇది. పారిస్‌లో నాలుగు రాత్రులు, స్విట్జర్లాండ్‌లో లుసెర్న్‌లో నాలుగు, రోమ్‌లో నాలుగు. విమానం టికెట్ 'మల్టీ సిటీ' అని పెట్టి తీసుకోండి: హైదరాబాద్ నుంచి పారిస్‌కి, తిరిగి రోమ్ నుంచి హైదరాబాద్‌కి. దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో ఇలాంటివి దొరుకుతాయి, మామూలు రానూపోనూ టికెట్‌కి పెద్ద తేడా ఉండదు. వచ్చిన దారినే వెనక్కి పారిస్ పోయే బాధ తప్పుతుంది. దేశాల లెక్క తగ్గిందని మీవారు నొచ్చుకుంటే, రోమ్‌లో ఉన్న వాటికన్ కూడా సొంత ప్రభుత్వం ఉన్న దేశమే అని గుర్తు చేయండి. నాలుగయ్యాయి. వెనిస్ కూడా కావాలంటే ఇంకో రెండు రాత్రులు సెలవు పెంచాలి. ఉన్న పన్నెండులో ఇరికిస్తే మాత్రం కుదరదు. అది వంతెనల ఊరు, ఒక్కో వంతెనకీ మెట్లు. పెట్టెతో ఆ మెట్లెక్కడం మావయ్యగారి మోకాళ్లకి పెద్ద శిక్ష.

వీసా. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ మూడింటికీ కలిపి ఒక్క షెంగెన్ వీసా చాలు. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటే ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. నేను చెప్పిన లెక్కలో మూడూ సమానం కాబట్టి ఫ్రాన్స్‌కి పెట్టాలి. స్విట్జర్లాండ్‌లో ఒక రాత్రి పెంచారా, అప్పుడు స్విట్జర్లాండ్‌కి. ఎక్కడ అపాయింట్‌మెంట్లు త్వరగా దొరుకుతున్నాయో చూసి ఆ ఒక్క రాత్రిని అటూ ఇటూ జరపడం అందరూ చేసేదే, తప్పేం కాదు. కాకపోతే చూపించిన ప్లాన్ ప్రకారమే నిజంగా వెళ్లండి.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. మార్చి, ఏప్రిల్‌లో హైదరాబాద్ వీసా సెంటర్‌లో స్లాట్ కోసం పడిగాపులు పడాలి, అందుకని జనవరిలోనే పెట్టేయండి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 రోజుల దాకా పట్టొచ్చు. అన్నాళ్లూ పాస్‌పోర్టులు వాళ్ల దగ్గరే ఉంటాయి. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి 45. మీ బాబుకి పదమూడు నిండాయి కాబట్టి వాడూ పెద్దవాడి కిందే లెక్క. మొత్తం 495 యూరోలు, దాని మీద సెంటర్ వాళ్ల సర్వీసు చార్జీ. వీసా రాకపోతే ఇది వెనక్కి రాదు. హోటళ్లు ఉచితంగా రద్దు చేసుకునే రకంవే బుక్ చేయండి. మీవారి ఫ్రెండ్ చెప్పాడని ఎవరో ఏజెంటు ఇచ్చే దొంగ బుకింగ్ కాగితాలు మాత్రం పెట్టకండి. ఎంబసీ వాళ్లు హోటల్‌కి ఫోన్ చేస్తే మొత్తం కుటుంబానికి తిరస్కరణ పడుతుంది, అది తర్వాతి దరఖాస్తుల్లోనూ వెంటాడుతుంది.

ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తగ్గకుండా ఉండాలి. పెద్దవాళ్లకి అన్నింటికన్నా తక్కువ ప్రీమియం చూసి కొనకండి. ముందే ఉన్న జబ్బుల గురించి ఏం రాశారో చదవండి. మావయ్యగారికి బీపీ ఉందని దాచకుండా రాయించండి. అక్కడ బీపీ పెరిగి ఆసుపత్రికి వెళ్లాల్సొస్తే, దాచిన విషయం చూపించి డబ్బు ఇవ్వం పొమ్మంటారు.

ప్యాకేజీనా సొంతంగానా అంటే, మీ ఇంటికి సొంతంగానే నయం. ప్యాకేజీలు చెడ్డవని కాదు. పూటపూటకీ మన భోజనం, భాష గొడవ లేదు, దారి తప్పే భయం లేదు. రోజుకి పదకొండు గంటలు కూర్చోగల, పొద్దున ఆరున్నరకల్లా పెట్టె గది బయట పెట్టగల జంటకి అది బాగానే ఉంటుంది. మీతో ఉన్నది ఆరేళ్ల పాప, 72 ఏళ్ల మోకాళ్లు. బస్సులో నలభై మంది మీ కోసం ఆగరు, ఆగాల్సొస్తే మావయ్యగారికే మొహమాటం. పైగా చాలా ప్యాకేజీల హోటళ్లు ఊరికి దూరంగా హైవే పక్కన ఉంటాయి, సాయంత్రం అలా నడిచి రావడానికి చుట్టూ ఏమీ ఉండదు. ఒకవేళ ప్యాకేజీకే మొగ్గితే, డబ్బు కట్టే ముందు ప్రతి ఊళ్లో హోటల్ పేరు రాయించుకోండి. 'చూపిస్తాం' అని రాసిన ప్రతిదానికీ లోపలికి టికెట్ ఉందా, బయట నుంచి ఫొటో తీసుకోవడమేనా అని గట్టిగా అడగండి.

సొంతంగా వెళ్లడంలో ఇంకో సంగతుంది. ఏడు దేశాలు అన్నది మీవారు. ఆ ఏడింటికీ హోటళ్లు వెతికేది, టికెట్లు కొనేది, పచ్చళ్లు కట్టేది ఎవరో మీరు ఉత్తరంలో రాయలేదు, నాకు అర్థమైంది. రైళ్లు, వీసా మీవారు చూడాలి. టికెట్ల తేదీలు మీ బాబుకి అప్పగించండి, పదమూడేళ్ల వాడికి ఫోన్ మన కన్నా బాగా వచ్చు. మీరు గదులు, మందులు చూసుకోండి.

పారిస్‌కి వద్దాం. అక్కడ మెట్రో గొప్పదని అందరూ చెబుతారు, నిజమే. కానీ పాత స్టేషన్లలో చాలావాటికి లిఫ్టులుండవు, మెట్లే మెట్లు. మీకు బస్సే మేలు. నేల మట్టానికి వంగే బస్సులు, కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది. 69 నంబరు బస్సు బస్తీయ్ నుంచి లూవ్ర్ మ్యూజియం, ఆర్సే మ్యూజియం మీదుగా ఐఫిల్ టవర్ ముందున్న మైదానం దాకా పోతుంది. టూరిస్టు బస్సు ఖర్చు లేకుండా సగం పారిస్ చూసినట్టే. గది తీసుకునేటప్పుడు లిఫ్ట్ ఉందో లేదో తప్పకుండా చూడండి. ఉన్నా ఇద్దరు మనుషులు, ఒక పెట్టె పడితే గొప్ప.

లూవ్ర్‌కి మంగళవారం సెలవు, వెర్సాయ్ ప్యాలెస్‌కి సోమవారం సెలవు. ఈ రెండూ తారుమారు చేసుకుని గేటు దగ్గర నిలబడ్డ మనవాళ్లు ఎందరో. లూవ్ర్‌లో 18 ఏళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు, కానీ సమయం మాత్రం ముందే బుక్ చేసుకోవాలి. మోనాలిసా 77 సెంటీమీటర్ల ఎత్తు బొమ్మ, దాని ముందు పైకెత్తిన సెల్‌ఫోన్ల అడవి. పాపకి మీ భుజాల మీంచి కూడా సరిగా కనపడదు. అదే లూవ్ర్‌లో ఈజిప్టు గదుల్లో మమ్మీ ఉంది, మనిషి తల, సింహం ఒళ్లు ఉన్న పెద్ద స్ఫింక్స్ విగ్రహం ఉంది, పిల్లలకి అవి చూపించండి. రెండు గంటలు దాటాక ఎవరూ ఏమీ చూడరు, బయటికొచ్చేయండి. నోట్ర్ డామ్ చర్చి 2019లో కాలిపోయి 2024 డిసెంబరులో మళ్లీ తెరుచుకుంది, లోపలికి డబ్బు కట్టక్కర్లేదు. ఐఫిల్ టవర్ టికెట్లు 60 రోజుల ముందు విడుదలవుతాయి, లిఫ్టు టికెట్లు ఇట్టే అయిపోతాయి. చీకటి పడ్డాక గంట గంటకీ ఐదు నిమిషాలు టవరంతా మిలమిలలాడుతుంది. మేలో అక్కడ సూర్యుడు తొమ్మిది దాటాక గానీ అస్తమించడు, మొదటి మెరుపు పదింటికి. పాపని మధ్యాహ్నం నిద్రపుచ్చితేనే ఆ వేళకి మెలకువగా ఉంటుంది. అన్నట్టు అత్తగారికి దీపం పెట్టే అలవాటుంటే, సంధ్య ఎప్పుడని అడుగుతారు. భోజనం అయ్యాక సంధ్య వస్తుందని ముందే చెప్పి ఉంచండి.

పారిస్ నుంచి లుసెర్న్‌కి గార్ ద లియోన్ స్టేషన్‌లో ఎక్కి బాసెల్‌లో రైలు మారాలి. మనవాళ్లలో ఎక్కువ మంది ఇంటర్‌లాకెన్‌లో దిగుతారు. నేను లుసెర్న్ అనడానికి కారణం మీ మావయ్యగారే. స్టేషన్ బయటే సరస్సు, సరస్సు ఒడ్డునే పడవల రేవు, ఊరి మధ్య భాగం చాలావరకు చదును. మీ నలుగురు పెద్దవాళ్లకి నాలుగు రోజుల స్విస్ ట్రావెల్ పాస్ కొనండి. దాంతో పాటు ఫ్యామిలీ కార్డు అడిగితే ఉచితంగా ఇస్తారు, తల్లిదండ్రులతో ఉన్న 6 నుంచి 15 ఏళ్ల పిల్లలకి టికెట్ అక్కర్లేదు. మీ ఇద్దరు పిల్లలూ అందులోకే వస్తారు. ఆ పాస్‌తో రైలు, బస్సు, పడవ ఏదైనా ఎక్కి కూర్చోవచ్చు.

ఎక్కువ మంది మొగ్గేది యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ వైపు. 3,454 మీటర్ల ఎత్తున 1912లో కట్టిన రైల్వే స్టేషన్ అది, అద్భుతమే. కానీ పూర్తి టికెట్ మనిషికి 200 ఫ్రాంకుల పైమాటే, పాస్ ఉన్నా తగ్గేది పావు వంతు. ఆ ఎత్తులో గాలి పల్చన, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వెళ్లకూడదు. పైన మబ్బు కమ్మితే తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు, డబ్బు వెనక్కివ్వరు. దాని బదులు రీగి కొండకి వెళ్లండి. లుసెర్న్ రేవులో పడవెక్కి విట్స్‌నావ్‌లో దిగితే, అక్కడే పళ్లచక్రం రైలు సిద్ధంగా ఉంటుంది. 1871లో వేసింది, యూరప్‌లో మొట్టమొదటి కొండ రైలు. శిఖరం 1,800 మీటర్లు కూడా లేదు కాబట్టి ఊపిరికి ఇబ్బంది లేదు, చుట్టూ మంచు కొండలన్నీ కనిపిస్తాయి. పడవ, రైలు రెండూ పాస్‌లోనే. మావయ్యగారు రోజంతా పెద్దగా నడవకుండానే నీళ్లూ కొండా చూసేస్తారు. పిల్లలు మంచులో ఆడాలని గోల పెడితే, మీరూ మీవారూ వాళ్లని తీసుకుని టిట్లిస్ అనే మంచు కొండకి వెళ్లండి, పాస్‌కి అక్కడ సగం ధరే. పెద్దవాళ్లిద్దరూ ఆ రోజు లుసెర్న్‌లోనే ఉంటారు. అందరూ అన్నిచోట్లకీ కలిసే తిరగాలన్న నియమం పెట్టుకోకండి, సగం తగాదాలు అక్కడే వస్తాయి.

ఏ కొండకి ఏ రోజు అన్నది ముందే ఖాయం చేయకండి. ఆ పూట పొద్దున ఫోన్‌లో కొండ మీది కెమెరా చూసి నిర్ణయించుకోండి. ఇంకొక్క మాట, స్విట్జర్లాండ్‌లో ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో ఉన్నవి తప్ప. పాలు, పెరుగు, కూరలు శనివారమే తెచ్చుకోండి.

లుసెర్న్ నుంచి రోమ్ ప్రయాణం ఒక రోజంతా. మిలాన్ దాకా మూడు గంటల పైన, గొట్టార్డ్ సొరంగం మీదుగా. 57 కిలోమీటర్లు, 2016లో తెరిచారు, మీ బాబుకి చెబితే గడియారం పట్టుకుని కూర్చుంటాడు. మిలాన్‌లో గంటకు తక్కువ కాకుండా తేడా ఉంచుకుని రోమ్ ఫాస్ట్ రైలు టికెట్ తీసుకోండి. ఈ ఒక్క రోజు కోసమైనా సామాను తగ్గించాలి. ఆరుగురికి మూడు మధ్యరకం పెట్టెలు, తలా ఒక వీపు సంచి. రైలు ఆగేది రెండు మూడు నిమిషాలు, మన స్టేషన్లలోలాగా కూలీలుండరు.

రోమ్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అక్కడ ఏ సందులోకి వెళ్లినా ఏదో ఒకటి కనిపిస్తుంది. కొలోసియం టికెట్ మీద పేరుంటుంది, పాస్‌పోర్టు తీసుకెళ్లండి, పిల్లలకి ఉచితం. వాటికన్ మ్యూజియంలకి మామూలుగా ఆదివారం సెలవు. సెయింట్ పీటర్స్ చర్చిలోకి భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి, అత్తగారి చీరకి ఏ పేచీ లేదు, మీ బాబు నిక్కరుకే ఇబ్బంది. బుధవారం పొద్దున పోప్ సభ ఉంటే ఆ చుట్టుపక్కల జనం. వీధుల్లో రాళ్లు పరిచిన బాటలు, మావయ్యగారికి మెత్తటి అట్ట ఉన్న బూట్లు ఇక్కడే కొని, నెల ముందు నుంచీ తొడిగించండి. వీధి కొళాయిల్లో ఎప్పుడూ చల్లటి నీళ్లు కారుతుంటాయి, శుభ్రంగా తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు.

ఇప్పుడు అత్తగారి తిండి. బయటి దేశం నుంచి యూరప్‌లోకి మాంసం, పాల పదార్థాలు తేనివ్వరు. అంటే చికెన్ పచ్చడే కాదు, నెయ్యి సీసా, పాలకోవా కూడా వద్దు. కరివేపాకు రెబ్బలు కూడా పెట్టకండి. మే నెల కదా, నాలుగు బంగినపల్లి పళ్లు తీసుకెళ్దామని అత్తగారు అంటారు, అవీ వీల్లేదు. విచిత్రం ఏంటంటే కొబ్బరికాయ తీసుకెళ్లొచ్చు. ఆవకాయ, కందిపొడి, కారప్పొడి, వేయించిన ఉప్మా రవ్వ, పులిహోర పేస్టు, అటుకులు, ఇవి గట్టిగా మూత బిగించి చెకిన్ పెట్టెలో. నెయ్యి లేకుండా ముద్ద దిగదంటే, అక్కడ ఉప్పు లేని వెన్న కొని కరగబెట్టుకోండి, పది నిమిషాల పని, వాసన ఊళ్లో నెయ్యికి తీసిపోదు.

వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, కనీసం లుసెర్న్‌లో అయినా. స్విట్జర్లాండ్‌లో హోటల్ భోజనం ధర చూస్తే మావయ్యగారు రూపాయల్లోకి మార్చి ఆకలి లేదంటారు. అక్కడ పొయ్యి ఎక్కువగా ఇండక్షన్, మన అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు. చిన్న ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ తీసుకెళ్లండి. కరెంటు వోల్టేజీ మనదే, కానీ మన మూడు పిన్నుల ప్లగ్ ఎక్కడా దూరదు. ఫ్రాన్స్‌ది ఒక రకం, స్విట్జర్లాండ్‌ది వేరే రకం, రెండూ ఉన్న అడాప్టర్ కొనండి. ఎండుమిర్చి తాలింపు మాత్రం పెట్టకండి, పొగ అలారం మోగి బిల్డింగంతా మెట్ల మీదకొస్తుంది. మామూలు హోటల్ గదుల్లో వంట చేయనివ్వరు, రైస్ కుక్కర్ కూడా అంతే. పారిస్‌లో అన్నం మీద మనసు పోతే గార్ దు నోర్ స్టేషన్ వెనక లా షాపెల్ వీధులకి వెళ్లండి. శ్రీలంక తమిళుల కొట్లు వరుసగా ఉంటాయి, దోసె, ఇడ్లీ, సాంబారు, పచ్చిమిర్చి, కొత్తిమీర, అన్నీ.

బయట తినేటప్పుడు 'వెజిటేరియన్' అంటే చాలదు. మాంసం, చేప, గుడ్డు వద్దని విడివిడిగా చెప్పాలి. ఫ్రెంచి ఉల్లిపాయ సూప్ గొడ్డు మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు. పాస్తా మీద చల్లే పార్మెజాన్ చీజ్‌లో దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు. అత్తగారికి పట్టింపుంటే ఇటలీలో పిజ్జా మరినారా అడగండి, టమాటా, వెల్లుల్లి, నూనె ఉంటాయి, చీజ్ ఉండదు. ఇంకో మాట, రోజుకి ఒక్క పూటే వంట అని ఇక్కడే ఒప్పందం చేసుకోండి. లేకపోతే మీరు యూరప్‌లో ఇంకో వంటింట్లో పన్నెండు రోజులుండి వస్తారు. రైస్ కుక్కర్‌లో బియ్యం కడిగి పెట్టడం మీవారికి వచ్చు, రాకపోతే విజయవాడ దాటేలోగా నేర్చుకుంటారు.

బాత్‌రూముల్లో చెంబు, పైపు ఉండవు. ప్రతి సంచిలో ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా ఉంచండి, పెద్దవాళ్లు అడగడానికి మొహమాటపడతారు గానీ మొదటి రోజే ఇదే పెద్ద సమస్య అవుతుంది. రైల్వే స్టేషన్లలో మరుగుదొడ్డికి చిల్లర అడుగుతారు, నాణేలు దగ్గరుంచుకోండి. కార్డుతో చెల్లించేటప్పుడు మిషన్ 'రూపాయల్లోనా, యూరోల్లోనా' అంటే యూరోలే నొక్కండి, స్విట్జర్లాండ్‌లో ఫ్రాంకులు. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం.

దొంగల గురించి భయపెట్టను గానీ, పారిస్ మెట్రో, రోమ్ టెర్మినీ స్టేషన్ జేబుదొంగలకి పేరుమోసినవి. ఎవరైనా అట్ట పట్టుకుని సంతకం చేయమన్నా, మీ చేతికి దారం కట్టబోయినా, నేల మీద ఉంగరం దొరికిందని చూపించినా ఆగకుండా నడిచేయండి. పుస్తెలతాడు, గాజులు ఇంట్లో పెట్టి నల్లపూసలతో రండి, అత్తగారు కూడా. మందులు పూర్తిగా చేతి సంచిలోనే, చీటీతో సహా, అన్ని రోజులకీ ఇంకో నాలుగు రోజులు ఎక్కువగా. పారిస్‌లో దిగాక సరిహద్దు దగ్గర అందరి ఫొటోలు, పన్నెండేళ్లు నిండినవాళ్ల వేలిముద్రలు కొత్త పద్ధతిలో తీసుకుంటున్నారు, క్యూ పొడుగే. మావయ్యగారికి టికెట్ కొన్నప్పుడే వీల్‌చెయిర్ అడిగి ఉంచండి, దానికి డబ్బు తీసుకోరు. వద్దంటారు, అయినా పెట్టండి.

అన్నింటికన్నా ముందు ఇవాళే ఒక పని చేయండి. ఆరు పాస్‌పోర్టులూ బయటికి తీసి గడువు చూడండి. మీరు యూరప్ విడిచే రోజు తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, జారీ చేసి పదేళ్లు దాటకూడదు, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. పిల్లల పాస్‌పోర్టుకి గడువు ఐదేళ్లే, సాధారణంగా అందరూ మర్చిపోయేది అదే.